మా వాకిట్లో ఊసరవెల్లుల పెండ్లి

మీ గాజుపెట్టెలో ఉన్న ఊసరవెల్లికి జోడు తెస్తున్నామని మొన్న ఫోనులో చెప్పారు. మగదాన్నీ ఆడదాన్నీ ఎట్లా కలపాలో నీకు తెలుసట కదా అవ్వా అని అడిగారు. తొందరపడొద్దు, ముందు దూరం నుంచి ఒకదాన్నొకటి చూసుకోనివ్వండి అని మాత్రం చెప్పి ఊరుకున్నాను. అది నాకెట్లా తెలిసిందో చెప్పాలంటే మా యారాలి గురించి చెప్పాలి. ఆమె గురించి మొదలుపెడితే ఫోనులో అయ్యేది కాదు. అందుకే ఇప్పుడు తీరిగ్గా చెబుతున్నాను, వినండి.

యారాలంటే తోటికోడలు. మీ తాతకు సొంత వదిన. ఎనభైల్లో ఆత్మకూరులో మాకు ఒకే వాకిలికి ఎదురెదురుగా రెండిళ్లు ఉండేవి. మధ్యలో గోడ లేదు. నేలలో ఒక వరస బండలు పాతి ఉండేవి, అంతే. బండలకు ఇవతల నా సగం, అవతల ఆమె సగం. మా బావగారు లారీ నడిపేవాడు. ఇంట్లో పడుకున్న రాత్రులకంటే నార్కట్‌పల్లి దగ్గర హోటళ్ల ముందు లారీ ఆపుకొని పడుకున్న రాత్రులే ఎక్కువ. మా అత్త పెద్దకోడలి అరుగు మీదే మంచం వేసుకునేది.

మీ తాత దర్జీ. మా ముందు గదిలోనే కుట్టుమిషన్. పొద్దు గుంకే వేళకు మిషన్ మీద గుడ్డ కప్పి లేచేవాడు. అప్పటి నుంచి అన్నానికి కూర్చునే దాకా ఆయనకు ఒక గంట తీరిక. నాకు కావలసింది ఆ గంట. చీరలు కాదు, సొమ్ములు కాదు. ఆ గంటసేపు ఆయన నా గడప ముందు కూర్చొని నాతో మాట్లాడాలి. కానీ లేచినవాడు లేచినట్టే బండలు దాటి అవతలి అరుగు మీద కూర్చునేవాడు.

ఎందుకు కూర్చోడు? మా యారాలు అంత మాటకారి. బజారులో ఎవరు ఎట్లా నడిచారో నడిచి చూపించేది. బస్సులో ఇద్దరు కొట్లాడుకుంటే ఆ ఇద్దరి గొంతులతోనూ తానే కొట్లాడేది. మీ తాత పడీ పడీ నవ్వేవాడు. నేను పొయ్యి ముందు కూర్చొని ఆ నవ్వు వినేదాన్ని. నా దగ్గర ఆయన ఎన్నడూ అట్లా నవ్వలేదు. వదినామరుదుల పరాచికాలు అన్ని ఇళ్లలోనూ ఉండేవే. పైగా అత్త అక్కడే మంచం మీద ఉండేది. తప్పు పట్టడానికి ఏమీ లేదు. నాకు మంట అక్కడే. తప్పంటూ ఉంటే కొట్లాడి అయినా ఊరుకునేదాన్ని.

నాకు ఉన్న గొప్పల్లా నా వాకిలి. తెల్లవారకముందే లేచి ఊడ్చి, పేడనీళ్లు చల్లి, వారానికొకసారి ఎర్రమన్నుతో అలికేదాన్ని. ఏళ్ల తరబడి అలికీ అలికీ నేల నున్నగా, గట్టిగా రాయిలా తయారైంది. వడ్లు ఆరబోస్తే గింజకు మన్ను అంటేది కాదు. మా అత్త ఎవరొచ్చినా నా సగం చూపించేది. యారాలి సగం అట్లా కాదు. జామచెట్టు వెనుక బూడిద, పొట్టు, ఊడ్చిన చెత్త అన్నీ అక్కడే పోసేది. వానొస్తే కాలు దిగబడేది. అటు చూసినప్పుడల్లా నా మనసుకు కొంచెం చల్లగా ఉండేది.

ఒక వానాకాలం మీ తాత సైకిల్ మీద వస్తుంటే బాట మీద నలుగురు చేరి ఊసరవెల్లిని రాళ్లతో కొడుతున్నారట. దాని ఊపిరి తగిలితే మనిషి ఎండిపోతాడని అప్పట్లో భయం. ఆయన దాన్ని కట్టెకు ఎక్కించుకొని సైకిల్ హ్యాండిల్ మీద పెట్టుకొని ఇంటికి తెచ్చాడు. నా వైపున్న గోరింట చెట్టు మీదికి వదిలాడు. ఒక కన్ను అటు, ఒక కన్ను ఇటు తిప్పుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. పారెయ్యమందామని నోరు తెరిచాను. అంతలో ఆయన పీట తెచ్చుకొని చెట్టు ముందు కూర్చున్నాడు. అన్నం పిలిచేదాకా లేవలేదు. ఆ సాయంత్రం ఆయన బండలు దాటలేదు.

తెరిచిన నోరు మూసుకున్నాను.

మర్నాటి నుంచి దాని సేవంతా నాదే. వాకిలి చల్లేటప్పుడు గోరింటాకుల మీద కూడా నీళ్లు చల్లేదాన్ని. అది గిన్నెలో నీళ్లు తాగదు, ఆకు మీది చుక్కలే తాగుతుంది. మిడతలను పట్టి మూత ఉన్న చెంబులో వేసి ఉంచితే సాయంత్రం ఆయన ఒక్కొక్కటే కట్టె చివరన పెట్టి అందించేవాడు. నాలుక జానెడు సాగి మిడతను లాక్కుపోతే చిన్నపిల్లాడిలా నా భుజం తట్టి "సూశినవా?" అనేవాడు. నేను మిడతను చూడలేదు, ఆ చేతిని చూశాను.

మా యారాలికి అర్థం కాకుండా ఉంటుందా? ఒకనాడు బండల దగ్గర నిలబడి నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏం చెల్లె, మొగన్ని కట్టేసేటందుకు తాడు దొరుకలేదా? ఊసరవెల్లిని కట్టేసినవ్?"

"తాడు నీ దగ్గరనే ఉన్నది గదక్కా" అన్నాను.

అత్త మంచం మీద నుంచి గట్టిగా దగ్గింది. ఇద్దరం ఎవరి పనిలోకి వాళ్లం వెళ్లాం.

వానలు వెనకబట్టాక ఆ జీవికి నిలకడ లేకుండా పోయింది. చెట్టు దిగి ఎటో నడిచేది. చీపురు కట్టతో ఆపి, కట్టెకు ఎక్కించి మళ్లీ చెట్టు మీద పెట్టేదాన్ని. మళ్లీ దిగేది. మీ తాత చూసి తల ఊపాడు.

"దానికి జోడు కావాలె. ఆడది దొరుకకుంటే ఇది ఈడ ఉండదు. ఎటన్న పోతది."

అది పోతే నా గంట పోతుంది. కూలికి వెళ్లే ఆడవాళ్లందరికీ చెప్పాను, చేలల్లో ఊసరవెల్లి కనబడితే కొట్టకండి, నాకు చెప్పండి అని. వాళ్లు నన్ను వింతగా చూశారు. చివరికి దొరికింది ఎవరికి? మా యారాలికే. ఆముదం కాయలు తెంపడానికి వెళ్లి, కొంగు ముడి వేసుకొని నడుచుకుంటూ నేరుగా మిషన్ ముందుకు వచ్చి నిలబడింది.

"ఇగో మర్దీ, నీ పిల్లగానికి పిల్ల దొరికింది. ఊరంత ఎతికిన్రట, ఆముదం చేన్ల కూసున్నది సుందరి."

కొంగు విప్పింది. అది ఆమె వేళ్లను పట్టుకొని కూర్చుంది. సన్నటి తోక ఆమె గాజుల చుట్టూ చుట్టుకుంది. మగదానికి తోక మొదలు లావుగా ఉంటుంది, దీనికి సన్నగా ఉంది. ఆడదే, సందేహం లేదు.

"వదినె, నీకు భయమైతలేదా?" అన్నాడు మీ తాత.

"మీ అన్నతోటి కాపురం చేస్తున్న. గిది నన్నేం భయపెడ్తది?"

ఆయన కత్తెర కింద పెట్టి నవ్వాడు. ఇన్ని రోజులు మిడతలు పట్టి మేపినదాన్ని నేను, కానీ ఒక్కసారి కూడా దాన్ని చేత్తో ముట్టలేకపోయాను. ఆమె ఒక్క పూటలో తెచ్చి గాజులకు చుట్టించుకుంది. ఇదుగో, ఇప్పుడు చెబుతున్నా నాకు కడుపులో మండుతూనే ఉంది.

మీరు చేయకూడని పని మేము ఆ రోజే చేశాం. తెచ్చినదాన్ని తెచ్చినట్టే గోరింట చెట్టు మీద, మగదాని పక్కన పెట్టేశాం. మగది ఒళ్లు పొంగించి, రంగులు తేల్చుకొని, తల ఊపుతూ ముందుకు వచ్చింది. ఆడది ఒక్క క్షణంలో బొగ్గులా నల్లబడింది. ఒళ్లు పలకలా చేసుకొని, నోరు తెరిచి బుస్సుమంది. వెనక్కి వెనక్కి పోయి కొమ్మ చివర నుంచి పడబోయింది.

అత్త మంచం మీద నుంచే కేకేసింది. "ఓరి మీ తెలివి పాడుగాను! ఇప్పుడే చేన్లకెల్లి తెచ్చి, తానం లేదు పానం లేదు, నేరుగ గదిలకు తోలుతరారా? జర ఒకల్నొకలు చూసుకోనియ్యుండ్రి."

దూరంగా ఉండాలి, కంటికి కనబడుతూ ఉండాలి. అటువంటి చోటు ఒక్కటే ఉంది. యారాలి జామచెట్టు.

ఇక చూడండి నా గతి. మగది నా చెట్టు మీద, ఆడది ఆమె చెట్టు మీద. నా గంట రెండు ముక్కలైంది. మీ తాత ఇక్కడ కాసేపు కూర్చొని, అది ఎట్లా ఉందో చూసొస్తా అని అక్కడికి వెళ్లేవాడు. వెళ్లినవాడు వచ్చేవాడు కాదు. అక్కడి నుంచే అరిచేవాడు, "ఇయ్యాల జర పచ్చగున్నదే!" అని. ఇక్కడి నుంచి నేను మగదాని సంగతి అరిచి చెప్పాలి. కాపురమంతా కేకల మీదే నడుస్తున్నట్టు ఉండేది.

కొన్నాళ్లకు ఆడది మెత్తబడింది. ఎదుటి చెట్టు మీద మగది ఊగుతూ తల ఆడించినా నల్లబడటం లేదు, ఆకుపచ్చగానే ఉండి చూస్తూ ఉంది. ఇక కలపవచ్చు అన్నాడు మీ తాత. ఎక్కడ అన్నది మాత్రం ఎవరూ అనలేదు. యారాలే ముందు అంది.

"పిల్లగాన్ని ఇటు తోలు చెల్లె. జామచెట్టు పెద్దగున్నది, సుకంగుంటయి."

"పిల్ల అత్తగారింటికొస్తది గని పిల్లగాడు పోతడా అక్కా?"

"ఇల్లరికం ఉంచుకుంట తియ్యి. మంచిగ జూసుకుంట."

మీ తాత మళ్లీ నవ్వాడు. నేను ఆయనను వదిలేసి అత్త వైపు తిరిగాను. అత్త తీర్పు చెప్పడానికి లేచి కూర్చుంది.

"చిన్నకోడలు మాటనే కరెక్టు. ఆడపిల్ల ఇల్లిడిచి పోవుడే రివాజు. నేను రాలేదా? మీరు రాలేదా?"

ఆముదపు కట్టె మీద ఎక్కించుకొని యారాలే దాన్ని బండలు దాటించి తెచ్చింది. ఈసారి మగది ఉన్న కొమ్మ మీద కాకుండా చెట్టుకు అవతలి కొసన వదిలాం. ఆడది నల్లబడలేదు, పారిపోలేదు. మగది గాలికి ఆకు ఊగినట్టు ఒక అడుగు ముందుకు, అర అడుగు వెనక్కి ఊగుతూ దాని దగ్గరికి చేరింది.

"మీరు అవుతలికి పోండ్రి, అవి సిగ్గుపడ్తయి" అన్నాడు మీ తాత.

"అవి సిగ్గుపడ్తలేవు మర్దీ, నీ చెవులే ఎర్రగైనయి" అంది యారాలు.

నేను కూడా నవ్వాను. గెలిచింది నేను కదా, నవ్వడానికి నాకేం కష్టం?

కొద్ది రోజులకు ఆడదాని రంగు మళ్లీ మారింది. ముదురు ఒంటి మీద పసుపు చుక్కలు తేలాయి. మగది దగ్గరికి వస్తే బుసకొట్టేది. పని అయిపోయింది, ఇక రెంటినీ విడదీయాలని దానికి గుర్తు. మీరూ ఇది గుర్తుంచుకోండి. ఆడదాన్ని వదినె చెట్టు మీదికి పంపిద్దాం అన్నాడు మీ తాత. నేను వినలేదు. మగదాన్నే తీసుకుపోయి మా ఇంటి వెనుక నిమ్మచెట్టు మీద పెట్టాను. ఆడదాన్ని గోరింట మీదే ఉంచుకున్నాను.

అవి నాకు మంచి రోజులు. దానికి కడుపు పెరుగుతుంటే చూడటానికి మీ తాత రోజూ నా గడప ముందు కూర్చునేవాడు. నేను పల్లికాయలు ఒలుస్తూ పక్కన కూర్చునేదాన్ని. మహబూబ్‌నగర్‌లో పని నేర్చుకున్నప్పుడు ఒకరి షేర్వానీకి రెండు ఎడమ చేతులు కత్తిరించి, భయపడి తిండి మానేసి దాక్కున్న సంగతి అప్పుడే చెప్పాడు. ఈ కథ మీ వదినెకు చెప్పినవా అని అడిగాను. లేదన్నాడు. ఆ రాత్రి కూరలో నూనె కొంచెం ఎక్కువ పోశాను.

యారాలు ఊరుకుంటుందా? బండల దగ్గరికి వచ్చింది.

"తొలి కాన్పు తల్లిగారింట్లనే చెయ్యాలె చెల్లె. అత్తగారింటి రివాజు ముందు తీసింది నువ్వే."

నేను పల్లికాయల చాట పక్కకు పెట్టి లేచాను.

"పుట్టినింటోళ్లం వొచ్చి అడుగుతున్నం. పంపవా?"

"దినాలు నిండనియ్యి అక్కా" అని లోపలికి వెళ్లిపోయాను. పంపే ఉద్దేశం నాకు లేదు.

దినాలు నిండినట్టున్నాయి, అది చెట్టు దిగడం మొదలుపెట్టింది. వాకిట్లో కొంచెం దూరం నడిచి, ఆగి, ముందు కాళ్లతో గీరి, మళ్లీ నడిచేది. ఎప్పుడూ బండల వైపే. నేను కట్టెతో ఎత్తి చెట్టు మీద పెట్టేదాన్ని. మళ్లీ దిగేది, మళ్లీ పెట్టేదాన్ని. ఈ ఇంట్లో కాళ్లున్న ప్రతిదీ ఆ బండల వైపే నడుస్తుంది అనుకొని పళ్లు కొరుక్కున్నాను. మీ తాత మిషన్ మీద ఉన్న పనితో ఆ రోజుల్లో సరిగా చూడలేదు. చూసిననాడు మోకాళ్ల మీద కూర్చొని నేల తడిమాడు. నా అలుకు మీద సన్నగా తెల్లటి గీతలు ఉన్నాయి.

"ఏమే, అది పారిపోతలేదు. తవ్వుతాంది. గుడ్లు మన్నుల పెట్టాలె దానికి. నీ వాకిలి సిమెంటు లెక్కున్నది, గోరు దిగుతలేదు. కండ్లు సూడు, లోపలికి పోయినయి. గిట్లనే ఉంటే గుడ్లు కడుపులనే ఆగి సస్తది."

"అయితే?"

"వదినె దిక్కు తోలుదాం. ఆడ మన్ను మెత్తగున్నది."

నేను లోపలికి వెళ్లి గడ్డపార తెచ్చాను. గోరింట చెట్టు పక్కన, ఎండలో అద్దంలా మెరిసే చోట, ఎత్తి పొడిచాను. మొదటి దెబ్బకు పెచ్చు కూడా లేవలేదు. రెండో దెబ్బకు పగులు ఇచ్చింది. నా వాకిలి అది. పగిలిన చప్పుడు నా ఎముకలకు తగిలింది. అయినా ఆగలేదు.

అత్త మంచం దిగి పరుగెత్తుకొచ్చింది. "అయ్యో అయ్యో, వాకిలి పలుగగొడ్తున్నవేందే! దినాం చూసి మురుస్తుంటినే! నీకేమన్న పట్టిందా?"

"నా వాకిలి, నా ఇష్టం అత్తా."

మీ తాత గడ్డపార తీసుకోబోతే ఇవ్వలేదు. మా యారాలు తన ఇంట్లోకి వెళ్లింది. తరువాత బిందెతో నీళ్లు తెచ్చి బండ మీద పెట్టింది. "నీళ్లు పోసి తవ్వు చెల్లె, చేతులు బొబ్బలెక్కుతయి" అంది. ఎగతాళి లేదు ఆ గొంతులో. అది నాకు ఎగతాళికంటే ఎక్కువ గుచ్చుకుంది. ఆ బిందె ముట్టుకోకుండా నా కుండలో నీళ్లు తెచ్చి పోసుకున్నాను.

అలుకు కింద ఏముంటుందో నాకేం తెలుసు? అంతా మొరమే. ఎర్రటి రాళ్లు, గడ్డలు. చేతనైనంత లోతు తవ్వి, చేతులతో నలిపి, తడిపి, ఆడదాన్ని కట్టె మీద తెచ్చి గుంటలో దింపాను. అది ముందు కాలు ఎత్తి గడ్డ మీద పెట్టింది. రెండుసార్లు గీరింది. కళ్లు తిప్పి చుట్టూ చూసింది. తరువాత గుంట ఎక్కి, నేను తవ్విపోసిన మట్టి మీదుగా నడిచి, బండలు దాటి, జామచెట్టు వెనక్కి వెళ్లిపోయింది. మేము నలుగురం దాని వెనుకే నిలబడి చూశాం. ఎవరూ ఆపలేదు. నేను కూడా ఆపలేదు, దాని కడుపు చూస్తూ ఎట్లా ఆపను?

బూడిదా పొట్టూ కలిసి మెత్తబడిన ఆ మట్టిలో అది తలతో సహా దిగిపోయింది. పొద్దు వాలేదాకా తవ్వింది. బయటికి వచ్చేసరికి ఒళ్లంతా మట్టి, కడుపు లోపలికి పోయి తోలు వేలాడుతోంది. అంత నీరసంలోనూ వెనుక కాళ్లతో మన్ను కప్పి, తొక్కి తొక్కి చదును చేసింది. నేను జామాకుల మీద నీళ్లు చల్లితే చాలాసేపు తాగింది. తేరుకున్నాక మీ తాత దాన్ని ఆముదం చేనులో వదిలి వచ్చాడు. నిమ్మచెట్టు మీది మగది కూడా ఒకనాడు ఎటో వెళ్లిపోయింది.

ఇక నా గంట పూర్తిగా అటే పోయింది. గుడ్లను కోళ్లు గీరకుండా తుమ్మకంప కట్టి, సాయంత్రం కాగానే మీ తాత ఆ కంప ముందు పీట వేసుకునేవాడు. పక్కన వదిన. చూడటానికి అక్కడ మట్టి తప్ప ఏమీ లేదు. అయినా చలికాలం అక్కడే, ఎండాకాలం అక్కడే. గుడ్లు ఎప్పుడు పగులుతాయో ఆ ఇద్దరికీ తెలియదు, మాటలకు మాత్రం కొదవ లేదు. నేను నా గుంట పూడ్చి అలికాను. ఎన్నిసార్లు అలికినా పాత నేలతో కలవలేదు. మీ తాత దాని మీదుగా నడుస్తూ ఒకసారి "అతుకు కనపడ్తాంది" అన్నాడు. దర్జీ మాట అది, చెడ్డగా అనలేదు. నేను ఆ పూట అన్నం తినలేదు.

తొలకరి పడ్డాక ఒక సాయంత్రం అవతలి నుంచి నవ్వు వినిపించింది. పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి లేచాను. పీట చంకన పెట్టుకొని బండలు దాటి వెళ్లి వాళ్ల ముందు నిలబడ్డాను.

"అక్కా, జర జరుగు."

"ఏడికి జరగాలె చెల్లె? గోడకు ఆనుకునే ఉన్న గద."

"అటు దిక్కు కాదు. మీ ఇద్దరి నడిమిట్ల నాకు జాగా కావాలె."

యారాలు నా ముఖం చూసింది. మీ తాత నేల చూశాడు.  యారాలు తన పీట పక్కకు లాక్కుంది. నేను నా పీట ఇద్దరి మధ్య వేసుకొని కూర్చున్నాను. నా మోకాలు ఒకటి ఆయనకు తగిలింది, ఒకటి ఆమెకు తగిలింది. కాసేపటికి వాళ్లు మళ్లీ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, నా తల మీదుగా. బావగారి లారీ బురదలో దిగబడిన కథ. మంచి కథే, నాకే నవ్వు రాలేదు. నేను కంప లోపలి మట్టి చూస్తూ కూర్చున్నాను.

మట్టి కొద్దిగా కదిలింది. చీమ అనుకున్నాను. మళ్లీ కదిలి, పగులు ఇచ్చి, పెసరబద్దంత తల బయటికి వచ్చింది. కాళ్లు వచ్చాయి, తోక వచ్చింది. నా చిటికెన వేలంత లేదు. అంత చిన్నదానికీ కళ్లు రెండూ వేర్వేరుగా తిరుగుతున్నాయి. వేళ్లు చాపి తుమ్మకొమ్మ పట్టుకొని, ఊగుతూ ఒక అడుగు వేసింది. దాని వెనుక మట్టిలో ఇంకొకటి కదులుతోంది.

వాళ్లకు చెప్పాలి. ఇన్ని నెలలు ఇద్దరూ దీనికోసమే కూర్చున్నారు. కానీ మొదట చూసింది నేను. నేను ఒక్కదాన్నే చూస్తున్నాను. కొంగు కొంచెం ముందుకు లాక్కొని, కంప వాళ్లకు కనబడకుండా వంగి కూర్చున్నాను.

"ఏం సూస్తున్నవే అంతగనం?" అన్నాడు మీ తాత.

"ఏం లేదు. మీరు మాట్లాడుకోండ్రి" అన్నాను.